నీలిగీతకు రెండడుగుల పైన

"ఇలాగే కడితే మీ అమ్మగారికి ఈత కూడా నేర్పించాలి," అంటూ ఇళ్ల ప్లాన్లు పాస్ చేసే ఆఫీసులో ఆమె, మా అమ్మ పేరున్న నా ప్లాన్‌ని కౌంటర్ మీదుగా వెనక్కి తోసింది.

నాకు ఒళ్లు మండిపోయింది. ఇళ్లకి ప్లాన్లు గీయడమే నా వృత్తి. అయిదేళ్లలో నా కాగితాన్ని ఇలా తిప్పికొట్టినవాళ్లు లేరు. పైగా ఇది మా సొంత ఇల్లు. కిందటేడు వరదకి పాతది కూలిపోయి, అమ్మా నేనూ అద్దెగదిలో సర్దుకుంటున్నాం.

"అమ్మకి మోకాళ్ల నొప్పులండీ. మెట్లు ఎక్కలేదు. అందుకే గచ్చు కిందికి పెట్టాను."

"మీ వీధిలో కరెంటు స్తంభం మీద నీలిగీత చూశారా? నీళ్లు అంతవరకూ వచ్చాయి. గచ్చు దానికి రెండడుగుల పైన ఉండాలి. అది రూలు. వరదకి మోకాళ్ల సంగతి తెలీదు కదా!"

అంటూనే ఎర్రపెన్ను తీసి, గుమ్మం దాకా ఒక ఏటవాలు దారి గీసింది. "ఇలా అయితే మెట్లు అక్కర్లేదు. ఆవిడ నడిచి వచ్చేస్తారు."

అంతే! నా కోపం ఎటు పోయిందో తెలీదు. ఆ గీతని చూడాలో, గీసిన చేతిని చూడాలో తేల్చుకోలేకపోయాను.

ఇంటికొచ్చి చూసుకుంటే ప్లాన్‌లో ఇంకో రెండు తప్పులు కనిపించాయి. ఉత్తరం దిక్కు బాణం లేదు. వాననీళ్లు బయటికి పోయే కాలువ లేదు. ఆమె అవి రాయలేదు, చూడలేదు కాబోలు. దిద్దబోయి ఆగిపోయాను. దిద్దితే ఫైలు పాసైపోతుంది. పాసైతే ఆ కౌంటర్ దగ్గర నాకేం పని?

వారం తర్వాత ప్లాన్ తిరిగొచ్చింది. "ఉత్తరం ఎటో చెప్పరా?"

"మీరడిగితే ఎందుకు చెప్పనండీ!"

ఆ తర్వాతి వారం మళ్లీ. "కాలువేదండీ? నీళ్లు లోపలికి రాకూడదు సరే, బయటికి కూడా పోకూడదా?"

ఆమె తల వంచుకుని రాస్తోంది కానీ, నవ్వు ఆపుకోవడం నాకు కనిపించింది. ఆ నవ్వుతో వారం రోజులు బతికేశాను.

"ఏరా, వానలు దగ్గర పడుతున్నాయి," అంది అమ్మ. "ఫైలు కదలట్లేదా, నువ్వే కదలనివ్వట్లేదా?"



ఇక నా దగ్గర తప్పులు అయిపోయాయి. నాలుగోసారి, బుద్ధి గడ్డి తిని, గచ్చు ఎత్తు రెండంగుళాలు తగ్గించి పట్టుకెళ్లాను.

ఆమె అంకెలు రెండుసార్లు చూసింది. ముఖం పాలిపోయింది.

"కావాలనే చేశారు కదూ?"

నేను కాగితం వెనక్కి తీసుకోబోయాను.

"మిగతావాటికి నవ్వుకున్నాను. దీనికి మాత్రం నవ్వలేను. కిందటేడు వరదలో మా నాన్న మంచం మీద కాళ్లు పైకి లాక్కుని కూర్చున్నాడు. నడవలేని మనిషి. నీళ్లు మంచం పట్టెకి రెండంగుళాల కింద ఆగాయి. మీకు రెండంగుళాలంటే సరదా. నాకు మా నాన్న."

తల కొట్టేసినట్టయింది. అక్కడే నిలబడి కొలత దిద్దిచ్చాను. ఆమె నా ముఖం చూడకుండా స్టాంపు వేసింది.

మర్నాడు క్షమించమని అడుగుదామని వెళ్తే ఆ కుర్చీ ఖాళీ. దిగువ ఊళ్లలో నీలిగీతలు వేయించడానికి మూడు నెలలు పంపించారట.

ఆ మూడు నెలలూ నేను పడ్డ బెంగ పగవాడికి కూడా వద్దు. చినుకు పడితే చాలు, గొడుగు తీసుకెళ్లిందో లేదో అనిపించేది. పని లేకపోయినా ఆఫీసు వీధిలోంచే తిరిగేవాణ్ణి. ఇంట్లో ప్లాన్ పరుచుకుని ఆ ఎర్రగీతనే చూస్తూ కూర్చునేవాణ్ణి.

"ఇల్లు కడుతున్నావా, ఎవరికోసమైనా ఎదురుచూస్తున్నావా?" అంది అమ్మ ఒకరోజు.

"రెండూనమ్మా," అనేశాను.

"అయితే గచ్చు గట్టిగా వేయించు," అంది.

గోడలు లేపేముందు ఆఫీసువాళ్లు వచ్చి ఎత్తు కొలవాలి. ఏటవాలు దారి ముందే పోయించి, ఎవరొస్తారో అని వీధి చివరికి చూస్తూ నిలబడ్డాను. సన్నటి తుంపరలో, చెప్పులకి బురదతో, చేతిలో టేపుతో ఆమే వచ్చింది. నీలిగీత నుంచి గచ్చు దాకా కొలిచింది. మళ్లీ కొలిచింది.

"రెండంగుళాలు ఎక్కువుంది."

"అవి మీ నాన్నగారి పేరు మీద వేయించాను. ఆ రోజు చేసింది పెద్ద తప్పండీ. మిమ్మల్ని చూడకుండా ఉండలేక చేశాను. ఇప్పటికీ ఉండలేకపోతున్నాను."

ఆమె టేపు చుడుతూనే ఉంది. చుట్టేసిన టేపుని కూడా చుడుతోంది.

"నేనూ తప్పు చేశాను," అంది చివరికి. "తప్పులన్నీ ఒకేసారి రాసివ్వాలని మా రూలు. మొదటిరోజే మీ ప్లాన్‌లో మూడూ కనిపించాయి. ఒక్కొక్కటే రాశాను."



ఈలోగా అమ్మ ఎవరి చెయ్యీ పట్టుకోకుండా ఏటవాలు దారి ఎక్కి వచ్చేసింది. "ఈ దారి గీసింది నువ్వేనా తల్లీ? మరి మావాడి తప్పులు ఇంకా చాలా ఉన్నాయి. ఇక్కడే ఉండి దిద్దుతావా?"

ఆమె నవ్వబోయింది. కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

"రేపు మా నాన్నని తీసుకొస్తానండీ. ఆయన కుర్చీకి చక్రాలున్నాయి, ఈ దారి చాలు. ఇప్పటికీ వాన పడితే కాళ్లు మంచం మీదికి లాక్కుంటాడు. ఇక్కడ కాళ్లు కింద పెట్టుకుని కూర్చోమని చెప్తాను."