నడిమి నుంచి అడిగిన ప్రశ్న

“ఏవండీ పంతులుగారూ! గొంతు కాస్త తగ్గించండి. మా చెట్టు మీది కాకులు అమలాపురం లేచిపోయేలా ఉన్నాయి.”

కాలువగట్టు మీద చదువుకుంటున్న దానియేలు ఉలిక్కిపడ్డాడు. కింద, నానిన కొబ్బరి డొక్కల్ని కర్రతో కొట్టి పీచు తీస్తూ ఒక అమ్మాయి నవ్వుతోంది. తాళ్లు పేనే ఇస్సాకు కూతురు రాహేలు.

“ఇంకా పంతుల్ని కాలేదండి. రాజోలులో పాదిరిదొరగారు పరీక్ష పెడతారు. నెగ్గితే కొత్త బడి నాకిస్తారు. లేకపోతే పడవ పనే.”

రాహేలూ పాదిరిదొర భార్య దొరసానిగారి దగ్గర చదువుకున్నదే. “అయితే చెప్పండి. బైబిల్లో రూతుకు ముందు పుస్తకమేది?”

దానియేలు కళ్లు మూసుకుని అందుకున్నాడు. “ఆదికాండము, నిర్గమకాండము...”

“అంత దూరం నుంచి నడిచొస్తారా? దొరగారు ఈలోగా భోజనానికి లేచిపోతారు!”

అతని ముఖం ఎర్రబడింది. బడిలో అందరితో కలిసి వరసగా వల్లించినవాడు. నడిమిలో అడిగితే మొదటి నుంచి రావలసిందే.

మర్నాడు తనే వచ్చి నిలబడ్డాడు. “నన్ను నడిమి నుంచి అడుగుతారా అండి?”

“ఆయ్. తప్పు చెబితే ఒక డొక్క కొట్టాలి మరి.”

మొదట్లో ఆ ఇంటి డొక్కలన్నీ అతనే కొట్టాడు. అరచేతులు బొబ్బలెక్కాయి. ఇవాళ తప్పినదాన్ని ఆమె రేపు మళ్లీ అడిగేది, నాలుగు రోజులు ఆగి వానలో గొడుగు కింద నుంచి ఇంకోసారి అడిగేది. “పుస్తకం మాట కాదండి, మీ మాటల్లో చెప్పండి,” అని నిలదీసేది. పోను పోను తప్పులు తగ్గి, డొక్కలు మిగిలిపోసాగాయి. కొట్టే పని లేకపోయినా అతను కదిలేవాడు కాదు. ఆమె పొమ్మనేదీ కాదు.

ఇస్సాకుకు సంగతి అర్థమైంది. “పరీక్ష నెగ్గి రావయ్యా. పిల్ల మాట అప్పుడు మాట్లాడదాం,” అన్నాడు.

పరీక్ష ముందురోజు సాయంత్రం రాహేలు అతని పుస్తకం లాక్కుంది. “ఇక చాలు. తిని పడుకోండి. నిద్ర లేని బుర్రలో ఏదీ నిలవదు.”

రాజోలులో దొరగారు పుస్తకం నడిమికి తెరిచారు. ముందున్న కుర్రాళ్లు ఆదికాండం నుంచి బయల్దేరి దారి తప్పారు. దానియేలు వంతు వచ్చింది. ఎటు నుంచి ఏది అడిగినా జవాబుకు తడుముకోలేదు. దొరగారు లేచి అతని చెయ్యి పట్టుకుని ఊపారు. అరచేతి కాయలు చూసి, “చదివితే ఇవెలా వచ్చాయి?” అని ఆశ్చర్యపోయారు.

దానియేలు వానలో తడుస్తూ పరుగున వచ్చాడు. తండ్రీకూతుళ్లు పాక ముందే ఉన్నారు.

“రాహేలుగారూ, పొద్దున్నే రేవు దాటేనండి... తరవాత దొరగారు వచ్చేరు... తరవాత...”

“మళ్లీ ఆదికాండమేనా! నడిమి మాట చెప్పండి!”

“బడి నాదేనండి. నన్ను పెళ్లి చేసుకుంటారా?”

“ఆయ్!” అంది రాహేలు, ఊపిరి కూడా తీసుకోకుండా.

ఇస్సాకు పగలబడి నవ్వాడు. కూతురి చేతిలోని కర్ర తీసి దానియేలుకు అందించాడు.

“నెగ్గేవు కదా అల్లుడూ! మిగిలిపోయిన డొక్కలు ఇంకెవరు కొడతారయ్యా?”