గేటు బయటి చెంబు

మా చుట్టాల్లో ఎవరికి సిటీ మీద విసుగు పుట్టినా నాకే ఫోన్ చేస్తారు. "రేఖా, మీరు సంగారెడ్డి పోయి ఉన్నరు గదా, చిన్న ఊరికి మారాలంటే ఏమేం చూసుకోవాలె?" అంటారు. నేను బడి పంతులమ్మలా వరసపెట్టి చెప్తాను. ఎండాకాలంలో బోరు ఎండుతుందా, అర్ధరాత్రి పిల్లకు జ్వరమొస్తే డాక్టరు దొరుకుతాడా, బడి బస్సు ఇంటిదాకా వస్తుందా... సిటీలో పక్కింటివాళ్ల పేరు తెలియకుండా పదేళ్లు ఉండొచ్చు, అక్కడ పదిరోజులకే మన కూరలో ఉప్పెంతో వీధి మొత్తానికి తెలిసిపోతుంది, దానికి సిద్ధపడే వెళ్లండి అంటాను. మీరెన్నాళ్లు ఉన్నారని అడిగితే మాత్రం మాట మార్చేస్తాను. మేం అక్కడ ఉన్నది పదిహేను రోజులు.

మేం మారింది మా నిషిత కోసం. అప్పుడు దానికి ఆరేళ్లు. మా ఆయన శివశంకర్ పాశమైలారంలో ఒక మందుల కంపెనీలో ప్యాకింగ్ సెక్షన్‌లో పనిచేస్తాడు. సిటీలో, మూసాపేటలో ఉన్నప్పుడు పొద్దున్నే, పిల్ల లేవకముందే వెళ్లిపోయేవాడు. కంపెనీ బస్సు రాత్రి ఎనిమిదిన్నరకు గానీ దింపేది కాదు. అప్పటికి పిల్ల నిద్రలో ఉండేది. ఒకసారి బడిలో ఇంటి బొమ్మ వెయ్యమంటే నన్నూ తననూ వేసి, నాన్న బదులు ఒక జత చెప్పులు వేసింది. ఆ బొమ్మ చూసిన రోజు ఆయన అన్నం ముందు కూర్చుని లేచిపోయాడు. సంగారెడ్డిలో ఉంటే ఆరున్నరకల్లా ఇంట్లో ఉండొచ్చని లెక్క తేలింది. ఆ రెండు గంటల కోసం నేను చేస్తున్న ఉద్యోగం కూడా వదిలేశాను.

పోతిరెడ్డిపల్లి చౌరస్తా దాటాక లోపలి వీధిలో ఇల్లు దొరికింది. కిష్టప్ప అనే పెద్దాయనది. పొలమంతా ప్లాట్లయిపోగా మిగిలిన జాగాలో కట్టించాడు. రెండు గదులు, వంటిల్లు, ముందర వాకిలి, గేటు లోపల కాళ్లు కడుక్కోవడానికి ఒక నల్లా. ఎదురుగా రేకుల ఇల్లొకటి. అందులో నర్సింహమ్మ అనే ముసలామె ఒక్కతే ఉండేది. కిష్టప్ప పొలం ఉన్నన్నాళ్లూ ఆయన దగ్గరే కూలి చేసిందట. ఆ రేకుల ఇల్లు కూడా ఆయనదే.

నేను అడగాల్సినవన్నీ అడిగాను. చివరికి సిగ్గు విడిచి, "పెద్దయ్యా, ఈ ఇంట్ల ఎవరన్న చనిపోయిన్రా?" అని కూడా అడిగాను. ఆయన కోపం తెచ్చుకోలేదు. ఇస్మాయిల్‌ఖాన్‌పేట వైపు చెయ్యి చాపాడు.

"ఆ దుర్గాభవాని తల్లి మీద ఒట్టు బిడ్డా. కట్టినకాంచి ఈ కడప లోపట ఒక్క ప్రాణం పోలె."

ఆయన చెప్పింది అక్షరాలా నిజం. ఆ సంగతి ఇప్పటికీ ఒప్పుకుంటాను.

మొదటి రోజులు హాయిగా గడిచాయి. సాయంత్రం ఆరైతే చాలు, నిషిత మెట్టు మీద కూర్చుని గేటు వైపే చూసేది. గేటు గొళ్లెం చప్పుడైతే "నాన్నా!" అని ఒకటే పరుగు. ఆయన కాళ్లు కడుక్కునేదాకా కూడా ఆగేది కాదు, తడికాళ్లతోనే ఎత్తుకోవాలి. వంటింట్లోంచి వాళ్ల నవ్వులు వింటుంటే, ఇన్నేళ్లూ ఈ పని ఎందుకు చెయ్యలేదా అని నన్ను నేను తిట్టుకునేదాన్ని.

గేటు బయట, గోడ మూలన ఒక స్టీలు చెంబు ఉండేది. రోజూ దీపాల వేళకు నర్సింహమ్మ వచ్చి అందులో నీళ్లు మార్చి వెళ్లేది. పిట్టలకో కుక్కలకో అనుకున్నాను. పన్నెండో రోజు ఆమె లక్డారంలో ఉన్న చెల్లెలి ఇంటికి పోయింది. రాత్రి వానకు చెంబులో ఆకులు, పురుగులు పడ్డాయి. అసలే డెంగీ రోజులు. నాకు శుభ్రం పిచ్చి ఎక్కువ, మర్నాడు ఆ నీళ్లు పారబోసి, చెంబు తళతళలాడేలా తోమి, వంటింటి గట్టు మీద బోర్లించాను. వెంటనే ఆమె గడప మీద పెట్టేసి రావచ్చు. కానీ ఇతరుల గిన్నె ఖాళీగా తిరిగిస్తే మా అమ్మ ఊరుకునేది కాదు, నాకూ అదే అలవాటు. ఆమె వచ్చాక అందులో సేమియా పాయసం పోసి ఇద్దామనుకున్నాను. నేను చేసిన తప్పల్లా ఇంతే.

ఆ సాయంత్రమే ఆరున్నరకు గేటు గొళ్లెం చప్పుడైంది. నిషిత పరుగెత్తింది. ఎవరూ లేరు. ముఖం వేలాడేసుకుని వచ్చింది. పదినిమిషాల తర్వాత వాళ్ల నాన్న వచ్చాడు. గాలికి కొట్టుకుని ఉంటుందన్నాడు.

మర్నాడు అదే వేళకు నల్లా చప్పుడైంది. బయటికి వెళ్లి చూస్తే ధారగా పోతోంది. కట్టేసి తిరిగాను. సిమెంటు వాకిట్లో తడి పాదాల గుర్తులు. పెద్దవి, మగవాళ్లవి. నల్లా దగ్గర మొదలై, గడప దాకా వచ్చి ఆగిపోయాయి. వెనక్కి వెళ్లిన గుర్తులు లేవు. ఆయన రాగానే నల్లా సంగతి చెప్పాను. వాషర్ పోయిందని కొత్తది వేశాడు. పాదాల సంగతి చెప్పలేదు. కొత్త ఊరు, కొత్త ఇల్లు, నేనే పోరుపెట్టి తెచ్చాను. ఇక ఏ ముఖం పెట్టుకుని చెప్పను?

పదిహేనో రోజు మధ్యాహ్నం నుంచే ముసురు. ఐదున్నరకే చీకటి పడినట్టయింది. ఆరింటికి కరెంటు పోయింది. ముందు గదిలో కొవ్వొత్తి వెలిగించి, వంటింట్లో స్టవ్ మీద చాయ్ పెట్టాను. రేకుల మీద, ఆకుల మీద, వాకిట్లో వాన చప్పుడు. మధ్యమధ్య కంపెనీల వైపు నుంచి గాలి వీస్తే ఒక తియ్యటి మందుల వాసన వచ్చేది, ఆ రోజు అది కొంచెం ఎక్కువగానే ఉంది. మా ఆయన బట్టలకు కూడా అదే వాసన ఉంటుంది.

గొళ్లెం చప్పుడైంది.

"నాన్నొచ్చిండు!" అంది నిషిత ముందు గదిలోంచి.

నల్లా తిప్పిన చప్పుడు. నీళ్లు పడుతున్నాయి. నేను చాయ్ గిన్నె మీంచి చూపు కూడా తిప్పకుండా, రోజూ అనే మాటే అన్నాను.

"కాళ్లు కడుక్కొని లోపలికి రా. చాయ్ అయింది."

నల్లా ఆగింది.

అప్పుడు ఫోన్ మోగింది. తెర మీద శివశంకర్ పేరు.

"రేఖా, రుద్రారం దగ్గర రోడ్డు మీద నీళ్లు నిలిచినయ్. బస్సు కదుల్తలేదు. జెర లేటయితది. పాపను అన్నం తినమను..."

"నువ్వు... యాడున్నవ్?"

"రుద్రారం కాడనే. ఎందుకట్లంటున్నవ్?"

ఫోన్ గట్టు మీద పడేశాను. ఒక్క ఉరుకున ముందు గదిలోకి వచ్చాను. నిషిత స్టూలు వేసుకుని నిలబడి ఉంది. చెయ్యి తలుపు గొళ్లెం మీద ఉంది. పిల్లను లాగి గుండెకు అదుముకున్నాను.

"తియ్యమ్మా... నాన్న తడుస్తుండు..."

"ష్... నాన్న కాదు."

తలుపు అవతల ఎవరో నిలబడి ఉన్నారు. బట్టల్లోంచి నీళ్లు కారి, చుక్కలు చుక్కలుగా గడప మీద పడుతున్న చప్పుడు. మందుల వాసన... దాంట్లో కలిసి అగరొత్తుల వాసన... తడిసి ముద్దయిన బట్ట వాసన...

"పాపను..."

గొంతు కాదది. గొంతులో నీళ్లు నిండినవాడు ఊపిరి తీస్తే వచ్చే చప్పుడు.

"ఒక్కసారి... సూపియ్యి..."

తలుపు కిందనుంచి నీళ్లు లోపలికి పాకాయి. సన్నగా... నా కాలివేళ్ల దాకా. వెనక్కి జరిగాను. గోడకు తగిలాను. దేవుడి పేరు ఒక్కటీ గుర్తుకు రాలేదు. పిల్లను ఇవ్వను, పిల్లను ఇవ్వను అని మాత్రం పెదాలు కదిలాయి.

చప్పుడు ఆగిపోయింది. చుక్కల చప్పుడు కూడా.

వెళ్లిపోయాడనుకున్నాను.

వంటింట్లో... చెంబు కదిలింది.

గట్టు మీద స్టీలు గీసుకున్న చప్పుడు. బిందె మూత తీసిన చప్పుడు. ఆ తర్వాత... గుటక. ఇంకో గుటక. ఎన్నాళ్ల నుంచో దాహంతో ఉన్నవాడు తాగుతున్నట్టు... ఆగకుండా... గుటక మీద గుటక...

తలుపులు అన్నీ మూసే ఉన్నాయి. రమ్మన్నది నేనే కదా!

వంటింటి వైపు చూడలేదు. ఒంటిచేత్తో గొళ్లెం తీసి, పిల్లతో వానలోకి పడ్డాను. గేటు దగ్గర ఎవరో ఎదురొచ్చారు. కేక వేశాను. గొంగడి కప్పుకుని, చేతిలో టార్చితో నర్సింహమ్మ. అప్పుడే లక్డారం నుంచి వచ్చినట్టుంది, భుజాన సంచి కూడా దించలేదు.

"చెంబేది?" అంది. ఏమైందని అడగలేదు.

"లోపల... వంటింట్ల..."

ఆమె నెత్తి కొట్టుకుంది. "లోపట వెట్టినవా! ఎంత పని చేసినవ్ బిడ్డా... నీళ్లు యాడుంటె ఆడికే వస్తడు గదనే..."

"ఎవరు?"

"జైపాల్. మీకంటె ముందు కిరాయికున్నోడు." గొంతు తగ్గించింది. "కంపెనీల ఛాతిల నొప్పన్నడు. దవాఖానల పానం పోయింది. ఈడికి తెస్తే కిష్టప్ప గేటుకు తాళమేసిండు. కిరాయింట్లకు శవం రావద్దన్నడు. వాని పెండ్లాం ధనలక్ష్మి కాళ్ల మీద వడ్డది, ఇనలె. రాత్రంత గీ గోడ పొంటి టెంటు కింద పండవెట్టిన్రు. ఇగ గిసొంటి వానే. మీద బట్ట తడిసి ముద్దయింది. నాలుగేండ్ల బిడ్డ లోపట నిద్రవోయింది. లేస్తె జడుసుకుంటదని దాన్ని బయటికి తేలె. బిడ్డ మొకం సూడకుంటనే తీస్కవోయిన్రు."

"మరి ఈ నీళ్లు..."

"లోపట దీపం గూడ వెట్టనియ్యలె. అందుకే వానికి నీళ్లు బయట వెడుతున్న. ఇన్నొద్దులు తాగి పోతుండె. నీకు చెప్తె కిష్టప్ప నన్ను ఇంట్లకెళ్లి ఎల్లగొడ్తడు బిడ్డా..."

ఆమె ఇంట్లోంచి ఇంకో చెంబు తెచ్చి గేటు బయట పెట్టింది. కొవ్వొత్తి ఆరిపోయి చీకటిగా ఉన్న మా తలుపు వైపు చూసి, కన్నకొడుకును పిలిచినట్టు పిలిచింది. "జైపాలూ, నీళ్లు ఈడ వెట్టిన. రా నాయనా... బయటికి రా..."

వాన చప్పుడు తప్ప ఏమీ లేదు. నా భుజం మీద తల పెట్టుకున్న నిషిత, తలుపు వైపే చూస్తూ నా చెవిలో చెప్పింది.

"అమ్మా, ఆయన నీళ్లు చూస్తలేడు. నన్నే చూస్తున్నడు."

శివశంకర్ తొమ్మిదింటికి వచ్చాడు. ఇల్లంతా వెతికాడు. ఏమీ కనిపించలేదట. బిందె మాత్రం అడుగంటి ఉంది. పొద్దున అది నిండా నింపింది నేనే. ఆ రాత్రి రేకుల ఇంట్లో కూర్చుని తెల్లవార్చాం. పొద్దున్నే డీసీఎం వ్యాను మాట్లాడి సామాను ఎక్కించాం. కిష్టప్ప వచ్చి గేటు దగ్గర నిలబడ్డాడు. నేను నోటికొచ్చినట్టు తిట్టాను. ఆయన శాంతంగా విన్నాడు.

"నేనేమన్న అబద్ధం చెప్పిన్నా బిడ్డా? సచ్చింది దవాఖానల. కడప లోపటికి రానిచ్చిన్నా?"

ఇంట్లో ఎవరు పోయారని అడిగాను గానీ, ఎవరిని రానివ్వలేదని అడగాలని నాకెలా తెలుస్తుంది? తిట్లు కూడా అయిపోయాయి. పిల్లను ఒళ్లో పెట్టుకుని డ్రైవరు పక్కన కూర్చున్నాను.

ఇప్పుడు మళ్లీ మూసాపేటలోనే, మూడో అంతస్తులో ఉంటున్నాం. తొమ్మిది నెలలైంది. మా ఆయన మళ్లీ రాత్రి ఎనిమిదిన్నరకే వస్తున్నాడు. రెండు గంటలు పోతే పోయాయి, పిల్ల దక్కింది చాలనుకున్నాను. నిషిత రోడ్డు అవతల ట్యూషన్‌కు పోతుంది. ఆరున్నరకు నేనే కిందికి దిగి రోడ్డు దాటించి తెచ్చుకుంటాను. నిన్న మా అమ్మ ఫోన్‌తో ఆలస్యమైంది. చెప్పులు వేసుకుంటుండగానే పిల్ల తలుపు తోసుకుని వచ్చేసింది. ఒక్కదానివే ఎందుకొచ్చావని కేకలేశాను. తిన్నగా వెళ్లి సోఫాలో పడుకుంది.

ఏడింటికి వాచ్‌మన్ భార్య అరుణమ్మ పాల ప్యాకెట్ ఇవ్వడానికి వచ్చింది.

"ఇయ్యాల సారు జల్దొచ్చిండేందమ్మా?"

"సారా? ఇంకా రాలేదే."

"గదేంది, పాప చెయ్యి పట్టుకొని రోడ్డు దాటిచ్చె గద! నేను దూరంకెళ్లి సూస్తి. మెట్లకాడనే నిలవడ్డడు. పైకి పో సారూ అని దూరంకెళ్లే అన్న. గీ ఎండకాలంల ఒళ్లంత తడిసి ఉన్నడు, ఏందో మరి..."

పాల ప్యాకెట్ కింద పెట్టి సోఫా దగ్గరికి వెళ్లాను. నిషిత గాఢనిద్రలో ఉంది. ఎడమచెయ్యి పట్టుకుని చూశాను. పొడిగా, వెచ్చగా, ఎప్పట్లాగే ఉంది. కుడిచెయ్యి దిండు కింద ఉంది. మెల్లగా బయటికి తీశాను. మంచులా చల్లగా ఉంది. ఐదు వేళ్లూ, చాలాసేపు నీళ్లలో నానినట్టు, తెల్లగా ముడతలు పడి ఉన్నాయి.