నలభై ఒక్క చిరాకులు

హైమావతి చెవిగొట్టం సర్దుకునేసరికి తెరమీద కొత్త ప్రయాణికుడి చిరాకు సంఖ్య ఎనభై ఒకటికి చేరింది. పొద్దుటినుంచి ఇద్దరిని దించింది: పెట్టె తప్పిపోయిన ఆవిడను నలభైకి, గదిలో ప్లగ్గు పట్టని వ్యాపారిని ముప్పైకి. మూడో మనిషి దక్కలేదు. నూరు దాటగానే అతని మణికట్టు మీది ఓర్పుపట్టీ ఎర్రబడింది, తిరుగుబండి వచ్చి సొంత దేశానికి ఎక్కించుకుపోయింది. విదేశీయుల చిరాకుకు ఉత్తర రేవులో అంతకుమించి చోటు లేదు.

"కూర్మయ్య గారూ, తెలుగు ఊరడింపు గది నుంచి హైమావతిని. ఎక్కడున్నారు?"

"ట్రాము గేటు దగ్గరమ్మా. నా వేళ్ళు దీనికి నచ్చడంలేదు. నలభై ఏళ్ళు ఇటుకలు మోసిన వేళ్ళు, గీతలెక్కడుంటాయి?"

"పొద్దున్న కుళాయి కూడా రాలేదట."

"అది సిగ్గరిదమ్మా. చెయ్యి చాపితే దాక్కుంటుంది. ఫర్వాలేదు."

ఎనభై ఆరు. పట్టీ నోటిమాటను నమ్మదు, నాడిని నమ్ముతుంది. అణచుకున్న చిరాకుకు రెట్టింపు వేస్తుంది, పైకి అనేస్తే తగ్గిస్తుంది. తెలుగువాళ్ళతో వచ్చే తంటా అదే. ఫర్వాలేదు, ఫర్వాలేదు అంటూనే నూరుకు చేరుకుంటారు. అందుకే హైమావతి ఉద్యోగం ఓదార్చడం కాదు, తిట్టించడం.

"గేటును నాలుగు మాటలనండి. ఎవరూ ఏమీ అనుకోరు."

"వద్దమ్మా."

"అన్నం చల్లారిపోయిందని నమోదైంది."

"కడుపులోకి పోయాక అదే వేడెక్కుతుంది."

తొంభై. ఎందుకు వచ్చారని ప్రయాణికుణ్ణి అడగకూడదు. అది వేరే విభాగం పని. హైమావతి గడియారం చూసింది. మూడు పది.

"ఏ పనిమీద వచ్చారు?"

"మా చెల్లెలమ్మా, వరాలు. ఇక్కడ ఓడలు కడిగేది. చల్లగదిలో ఉంది. నాలుగింటిలోగా ఎవరూ రాకపోతే వాళ్ళే కొలిమికి పంపేస్తారట."

హైమావతి కుర్చీ బల్ల దగ్గరికి జరుపుకుంది.

"అయితే గట్టిగా తిట్టండి బాబాయ్. వేళ్ళు పట్టనివాళ్ళు పేరు చెప్పినా తీస్తుంది, కాని సంఖ్య అరవైలోపు దిగితేగాని ఆ గేటు మీ పేరు వినదు."

"చావుకొచ్చినవాడు కాఫీ బాగాలేదంటాడా తల్లీ? నీళ్ళు రాలేదని గొడవ చేస్తాడా? అది అక్కడ పడుకుని ఉంటే నా నోటికి ఆ మాట రాదు."

తొంభై ఏడు.

చిరాకు కారణాల పట్టికలో నలభై ఒక్క గడులున్నాయి. వరుస, భాష, దుప్పటి, ఉప్పు. దుఃఖానికి గడి లేదు. పట్టీకి అది చిరాకులాగే కనిపిస్తుంది. హైమావతి వాళ్ళ అమ్మ పోయిన రోజున వాకిట్లో జనం ఇచ్చిన నీళ్ళు ఇచ్చినట్టే తాగి, ఎండలో నేలమీద కూర్చున్నారు. చాప కూడా అడగలేదు.

హైమావతి చేతికీ పట్టీ ఉంది. పదకొండేళ్ళుగా ఇక్కడే ఉన్నా ఆమె కూడా విదేశీయురాలే. ఆమె సంఖ్య ఏనాడూ పన్నెండు దాటలేదు. బల్ల అంచున పరీక్ష మీట ఉంది. పట్టీలు సరిగ్గా పనిచేస్తున్నాయో లేదో చూడటానికి, పనివేళకు ముందు మాత్రమే నొక్కేది; బల్ల దగ్గరున్నవాళ్ళ సంఖ్యనూ లైనులో ఉన్నవాళ్ళ సంఖ్యనూ అది తారుమారు చేస్తుంది. ఆమె దాన్ని నొక్కింది.

గేటు జరిగిన చప్పుడు చెవిలో వినబడింది.

"తీసిందమ్మా. ఏం చేశావు?"

"రెండో స్టాపులో దిగి ఎడమకు తిరగండి. త్వరగా."

ఆమె మణికట్టు మీద తొంభై ఏడు వెలుగుతోంది. బల్ల మెల్లగా అడిగింది: మీకు కలిగిన ఇబ్బంది ఏమిటి? చెప్పుకోవాలంటే పదకొండేళ్ళవి ఉన్నాయి. ఆమె నోరు విప్పలేదు. తెరమీద కూర్మయ్య చుక్క ట్రాము దిగింది, ఎడమకు తిరిగింది. మూడు నలభై ఎనిమిదికి చల్లగది తలుపు దాటింది. అప్పటికి ఆమె పట్టీ నూరు దాటి ఎర్రబడింది.

పక్క కుర్చీలో తాయారు చెవిగొట్టం పక్కకు లాగింది. "నీ చెయ్యి చూసుకున్నావే? పిచ్చిగాని పట్టలేదు కదా?"

"చెల్లెలు పోయిందట."

"ఎవరి చెల్లెలు?"

"కూర్మయ్య గారి చెల్లెలు."

కారిడార్లో తిరుగుబండి చక్రాల చప్పుడు దగ్గరపడుతోంది. తాయారు తెరమీద ఒక ముసలామె తొంభై నాలుగు దగ్గర ఉంది. గంట నుంచి ఎంత అడిగినా ఫిర్యాదు చెప్పడంలేదు.

తాయారు చెవిగొట్టం మళ్ళీ పెట్టుకుంది.

"మామ్మగారూ," అంది, "మీరు ఎవరికోసం వచ్చారు?"