గయ్యాళి బొమ్మ

కార్టూనిస్టు బొమ్మల బల్ల పక్కన వెల్లకిలా పడి ఉన్నాడు. కణత పగిలింది. పక్కనే ఇత్తడి పేపర్‌వెయిట్, నెత్తురు మరకతో.

టైం పొద్దున ఎనిమిదింబావు. ఇన్‌స్పెక్టర్ బల్ల మీది కార్టూన్‌ను వేలితో తాకాడు. మందంగా పూసిన చోట ఇంకు అంటుకుంది.

బొమ్మలో ఉన్నది అందరికీ తెలిసిన మనిషే. గయ్యాళి పెళ్లాం. వారం వారం జనాన్ని పొట్ట చెక్కలయ్యేలా నవ్వించిన లావుపాటి ముఖం. ఇన్‌స్పెక్టర్ కూడా ఆ జోకులు ఇంట్లో చదివి వినిపించేవాడు. ఈసారి ఆమె ఖాళీ ఉయ్యాల ఊపుతోంది. కింద జోకు ఇంకా రాయలేదు.

ముందుగదిలో ఇద్దరున్నారు. కార్టూనిస్టు భార్య. పోలీసులకు ఫోన్ చేసిన పత్రిక ఎడిటర్.

"నిన్న ఆయనతో గొడవపడ్డారట?" ఎడిటర్‌ని అడిగాడు ఇన్‌స్పెక్టర్.

"బొమ్మ ఆలస్యమైందని అరిచాను సార్. దానికే చంపుతానా?"

"మీరమ్మా?"

"పొద్దున్నే మార్కెట్‌కి వెళ్లాను. వచ్చేసరికి ఈ ఎడిటర్ గారు గుమ్మంలో కేకలు పెడుతున్నారు."

"ఇంట్లో ఇంకెవరుంటారు?"

"ఎవరూ లేరు. పాప పోయాక మేమిద్దరమే."

స్టేట్‌మెంట్ మీద ఆమె సంతకం పెట్టింది. ఇన్‌స్పెక్టర్ ఆ చేతినే చూశాడు. ఇద్దర్నీ బొమ్మల గదిలోకి పిలిచాడు.

"గోడ మీది పాతికేళ్ల నాటి కార్టూన్లు చూడండి. నీడ కోసం వేసిన గీతలన్నీ పైనుంచి ఎడమకు జారాయి. కుడిచేతివాటం. బల్ల మీది బొమ్మలో కుడికి జారాయి. ఇది ఆయన వేసింది కాదు. ఇంకు ఆరలేదు. వేసిన మనిషి ఇందాక ఈ గదిలోనే ఉంది. మీది ఎడమచేతివాటం కదమ్మా?"

ఆమె బుకాయించలేదు.

"ఆయన చెయ్యి వణకడం మొదలై పదేళ్లయింది. అప్పట్నుంచీ నేనే వేస్తున్నా. నా ముఖం నాచేతే గీయించాడు. ఇంకా లావుగా, ఇంకా వికారంగా అనేవాడు. గీశాను. ఇవాళ ఉయ్యాల గీయమన్నాడు. అదీ గీశాను. అప్పుడు చెప్పాడు జోకు. ఈవిడ గొంతు భరించలేకే పిల్ల పోయిందట. చెప్పి, తనే పడీపడీ నవ్వాడు."

లేడీ కానిస్టేబుల్ ఆమె జబ్బ పట్టుకుంది.

ఎడిటర్ గొంతు సవరించుకున్నాడు. "అమ్మా, ఒక్క మాట. జైలుకి కాగితం, ఇంకు పంపిస్తాను. వేసిపెడతారా?"

"పేరు ఎవరిది?"

"ఆయనదే. పోయాక దొరికిన బొమ్మలంటాం. ఆ పేరుంటేనే జనం కొంటారు."



"అలాగే కానివ్వండి. ఇకనుంచి జోకులన్నీ చచ్చిన మొగుడి మీద."

ఎడిటర్ పకపకా నవ్వాడు. కానిస్టేబుళ్లు అప్పుడే శవాన్ని లేపుతున్నారు.