జీపీఎస్ చెప్పిన తప్పు దారి

“పాపా, బేకింగ్ పౌడర్ ఎక్కడుంటుంది?”

“మూడో వరసలో కింది అర, ఉప్పు పక్కన. నీలం డబ్బా తీసుకోండి ఆంటీ. ఎర్ర డబ్బాకి మూత సరిగ్గా పట్టదు.”

అడిగినావిడ నవ్వుకుంటూ అటు వెళ్లింది. దారి చెప్పిన అమ్మాయికి పదేళ్లు. ఆ కిరాణా షాపులో ఆమె పని చేయదు, జీతం తీసుకోదు. అయినా షాపంతా ఆమెకు కొట్టిన పిండి. అమ్మ ఎదురుగా ఉన్న మందుల షాపులో పని చేస్తుంది. బడి వదలగానే ఈ పిల్ల ఇక్కడికి వచ్చి, పాలో గుడ్లో బుట్టలో వేసుకుని, అమ్మ డ్యూటీ దిగేదాకా అరల మధ్య తిరుగుతుంటుంది. అలా తిరిగి తిరిగి ఏ వస్తువు ఎక్కడుందో నోటికి వచ్చేసింది. షాపువాళ్లు ఆమెకు ‘జీపీఎస్’ అని పేరు పెట్టారు. ఆ పేరంటే ఆమెకు ఎంత ఇష్టమంటే, సొంత పేరుతో పిలిస్తే ఒక్కోసారి పలకదు కూడా.

మర్నాడు సెలవు కావడంతో ఆ సాయంత్రం షాపు కిటకిటలాడుతోంది. బిల్లు కట్టే క్యూ బియ్యం బస్తాల దాకా సాగింది. ఎవరి ట్రాలీ ఎవరి కాలికి తగులుతోందో తెలియడం లేదు. జీపీఎస్ మాత్రం ఆ సందడిలో దర్జాగా తిరుగుతోంది.

చాక్లెట్ పాలపొడి అర దగ్గరికి రాగానే ఆమె కాళ్లు ఆగిపోయాయి.

ఒకే ఒక్క సీసా మిగిలింది. దాని నడుముకు టేపుతో అంటించిన జిరాఫీ బొమ్మ! ఆ పాలపొడి కొంటే ఒక్కో సీసాకు ఒక్కో జంతువు ఉచితం. ఇంట్లో ఏనుగు ఉంది, సింహం ఉంది, కోతులైతే రెండున్నాయి. జిరాఫీ కోసమే ఆమె ఎప్పటినుంచో కాచుకుని ఉంది.

కొనాలంటే అమ్మ రావాలి. అమ్మ వచ్చేలోగా ఎవరైనా పట్టుకుపోతే?

జీపీఎస్ అటూ ఇటూ చూసింది. సీసా తీసి, పక్క వరసలో బట్టల సబ్బు పొడి ప్యాకెట్ల వెనక పెట్టేసింది. ‘ఇదేమన్నా దొంగతనమా? అమ్మ వచ్చాక డబ్బిచ్చే కదా కొంటాం’ అని తనకు తానే చెప్పుకుంది. ఎవరూ చూడలేదు. పని భలేగా చేశాననుకుంది.

అంతలో వెనక నుంచి గొంతు వినిపించింది. “జీపీఎస్ తల్లీ, నువ్వు దొరికావు, బతికాను!”

ఆయన రోజూ ఆమె బడికి వెళ్లే బస్సు కండక్టరు. ఖాకీ చొక్కా చెమటతో తడిసి ఉంది.

“మా చిట్టిదానికి జ్వరం ఇవాళే తగ్గిందమ్మా. ఏం పెట్టినా మొహం తిప్పేస్తోంది. చాక్లెట్ పాలైతే తాగుతానంది. డ్యూటీకి టైమవుతోంది, ఇంట్లో ఇచ్చి పరుగెత్తాలి. ఆ పొడి ఎక్కడుందో కాస్త చెప్పు.”

జీపీఎస్ కళ్ల ముందు జిరాఫీ మెడ చాచింది.

“అయిపోయింది బాబాయ్.”

“అయ్యో, అవునా? సరేలే. నువ్వే చెప్పావంటే ఇంక వెతకడం దండగ.”

ఆయన మరో మాట అడగలేదు. అరవైపు చూడనైనా చూడలేదు. ఒకసారి చూసి ఉంటే బాగుండేదని ఆమెకు అనిపించింది. అంతగా నమ్మడం ఆమెకు ముల్లులా గుచ్చుకుంది.

కండక్టరు కౌంటరు దగ్గర ఆగి, “చాక్లెట్ పాలపొడి మళ్లీ ఎప్పుడొస్తుందండీ?” అని ఓనరును అడిగాడు.

ఓనరు కంప్యూటర్లో చూశాడు. “మళ్లీ రావడమేంటి? ఇంకా ఒకటుందే! ఏమ్మా, ఇలా రా!”

అరలు సర్దే అమ్మాయి పరుగున వచ్చింది. పనిలో చేరి వారం కూడా కాలేదు. జీపీఎస్ ఆమెను ‘కొత్తక్క’ అంటుంది.

“మధ్యాహ్నం నేనే పెట్టాను సార్, జిరాఫీ బొమ్మది” అంటూ కొత్తక్క అర దగ్గరికి వెళ్లి చూసింది. పై అర వెతికింది. నేల మీద మోకాళ్లు ఆనించి అడుగున చెయ్యి పెట్టి తడిమింది. సీసా ఉంటే కదా!

“అయితే కాళ్లొచ్చి నడిచిపోయిందా?” ఓనరు గొంతు పెరిగింది. “పొద్దున షాంపూ కనబడలేదు, ఇప్పుడిది. ఇలాగైతే రేపటి నుంచి వేరే పని చూసుకో!”

క్యూలో ఉన్నవాళ్లందరూ తలలు తిప్పి చూశారు. కొత్తక్క మొహం పాలిపోయింది.

జీపీఎస్ బుర్ర చకచకా పని చేసింది. సీసా తనే తెచ్చి ‘దొరికింది’ అంటే సరి! బాబాయికి పాలపొడి దొరుకుతుంది, కొత్తక్కకు తిట్లు తప్పుతాయి, తన పేరూ చెడదు. వెంటనే పక్క వరసలోకి దూరి, ప్యాకెట్ల వెనక నుంచి సీసా లాగి, రెండు చేతులతో పైకెత్తి పట్టుకుని వచ్చింది.

“దొరికింది!”

“జీపీఎస్ అంటే జీపీఎస్సే!” అన్నాడు కండక్టరు. క్యూలో ఎవరో చప్పట్లు కొట్టారు.

“ఎక్కడుందమ్మా?” ఓనరు అడిగాడు.

“సబ్బు పొడి వెనక.”

ఓనరు కొత్తక్క వైపు తిరిగాడు. “విన్నావా? పిల్లలు తాగే పొడి తీసుకెళ్లి సబ్బు పొడి వెనక పెడతావా? పదేళ్ల పిల్లకున్న తెలివి నీకు లేకపాయె!”

“నేను అక్కడ పెట్టలేదు సార్...” కొత్తక్క ఏప్రన్ అంచుతో కళ్లు తుడుచుకుంది.

జీపీఎస్‌కు ఏం చేయాలో తోచలేదు. సాయం చేద్దామని వస్తే కొత్తక్క మెడకే చుట్టుకుంది. చప్పట్లు కొట్టిన మనిషి ఇంకా తన వైపు మెచ్చుకోలుగా చూస్తున్నాడు. ఆ చూపు ఆమెకు భరించరాకుండా ఉంది. ఇప్పుడు నోరు విప్పితే ఇంతమందిలో పరువు పోతుంది. విప్పకపోతే కొత్తక్క పని పోతుంది.

“అక్క కాదు అంకుల్” అంది. మాట చిన్నగా వచ్చింది. ఇంకాస్త గట్టిగా మళ్లీ చెప్పింది. “అక్క పెట్టలేదు. నేనే దాచాను, జిరాఫీ కోసం. బాబాయ్ అడిగితే అయిపోయిందని అబద్ధం కూడా నేనే చెప్పాను. అక్కని ఏమీ అనకండి.”

జీపీఎస్ చెవులు వేడెక్కాయి. అయినా తల దించకుండా సీసాను కండక్టరు చేతిలో పెట్టింది. “తప్పయింది బాబాయ్.”

కండక్టరు సీసా అందుకున్నాడు. “నిజం చెప్పావులే” అన్నాడు. ఆ మాటలో ఎప్పటి హుషారు లేదు. డబ్బు కట్టి, సీసా సంచిలో వేసుకుని గబగబా వెళ్లిపోయాడు. సంచిలోంచి జిరాఫీ తల బయటికి చూస్తూ వెళ్లింది. ఆమె దాని వంక చూడలేకపోయింది.

“పొద్దుటి షాంపూ కూడా నీ పనేనా?” ఓనరు కళ్లెర్రజేశాడు.

“కాదంకుల్! అది పెరుగు ఫ్రిజ్ మీదుంది. ఎవరో వద్దనుకుని అక్కడ వదిలేశారు.”

ఓనరు వెళ్లి చూశాడు. ఉంది. షాంపూ చేత్తో పట్టుకుని వచ్చి, కొత్తక్క ముందు నిలబడ్డాడు. “తొందరపడ్డానమ్మా. ఏమీ అనుకోకు.” తర్వాత జీపీఎస్ వైపు తిరిగాడు. “మీ అమ్మ రానీ, చెప్తాను.”

“మీరొద్దంకుల్. నేనే చెప్తాను.”

కొత్తక్క అరల మధ్యకు వెళ్లిపోయింది. జీపీఎస్ ఒక ఖాళీ బుట్ట పట్టుకుని ఆమె వెనకే నడిచింది.

“అక్కా, జనం వద్దనుకున్నవన్నీ ఎక్కడపడితే అక్కడ పడేస్తారు. ఏరుకొద్దాం రా. బిస్కెట్లలో దోసకాయ ఉంది. టీ పొడి దగ్గర ఒక టూత్‌బ్రష్ కూడా ఉంది.”

కొత్తక్క విసురుగా బిస్కెట్ల అర వైపు నడిచింది. దోసకాయ నిజంగానే క్రీమ్ బిస్కెట్ల మధ్య హాయిగా పడుకుని ఉండటం చూసి మాత్రం నవ్వు ఆపుకోలేకపోయింది. బుట్ట చూస్తుండగానే నిండింది.

అంతలో బేకింగ్ పౌడర్ ఆంటీ ట్రాలీ తోసుకుంటూ వచ్చింది. జీపీఎస్‌ను చూసి అడగబోయి ఆగింది. కొత్తక్క వైపు తిరిగి, “కొవ్వొత్తులు ఎక్కడున్నాయమ్మా?” అంది.

జీపీఎస్‌కు చెంప మీద కొట్టినట్టయింది. ఈ షాపులో ఆమెను దాటి ఇంకొకరిని దారి అడగడం ఇదే మొదటిసారి. కళ్లలో నీళ్లు తిరిగాయి.

కొత్తక్క కూడా అటూ ఇటూ చూసింది. “నాకింకా తెలియదండీ. జీపీఎస్‌ని అడగండి. నేనూ తననే అడుగుతాను.”

ఆంటీ అనుమానంగా చూసింది. జీపీఎస్ కళ్లు తుడుచుకుని, బుట్ట కింద పెట్టి, ఆంటీ ట్రాలీ ముందుకు వచ్చి నిలబడింది.

“చెప్పడం కాదాంటీ, చూపిస్తాను. రండి.”

చివరి వరస దాకా తనే ముందు నడిచింది. అగ్గిపెట్టెల పక్క అరలోంచి కొవ్వొత్తుల ప్యాకెట్ తీసి, ఒక్కటీ విరగలేదని చూసి మరీ ఆంటీ చేతిలో పెట్టింది.