పండని మడి

సూర్యాపేట కొత్త బస్టాండు, ఉదయం పది గంటలు. సంపత్ చేతిలోని టీ గ్లాసు కింద పడింది. మరుక్షణం సంపత్ పడ్డాడు. పిస్టల్‌కు సైలెన్సర్ ఉంది కాబట్టి, కోదాడ బస్సు కోసం తోసుకుంటున్న జనానికి ఏమీ వినబడలేదు.

ఊక టిప్పర్ డ్రైవర్ వేషంలో ఉన్న ఏజెంట్ హరిలాల్ పరుగెత్తి అతని తల ఒళ్లోకి తీసుకున్నాడు. పదేళ్లుగా ఇద్దరూ కలిసి పనిచేస్తున్నారు.

"పచ్చగ... పచ్చగనే ఉంటది హరీ..." అన్నాడు సంపత్. అంతే, ఖతం.

"పోతూ పోతూ దీవించాడయ్యా." ఆ మాట విని ఫోన్లో అన్నాడు చీఫ్ గోపాల్. "ఏడవడానికి టైం లేదు, విను. విదేశీ ముఠా విషపు డ్రమ్ములు తెచ్చి మిర్యాలగూడకూ కోదాడకూ మధ్య ఎక్కడో దాచింది. సాగర్ కాల్వ నీళ్లు నాలుగింటికల్లా ఆ ప్రాంతమంతా చేరతాయి. అప్పుడు విషం కలుపుతారు. అరవై ఊళ్లు తాగే నీళ్లు!"

"వాళ్లకేం లాభం సార్?"

"రేపు నీళ్లు శుద్ధిచేసే మిషన్లు అమ్మడానికి వచ్చేది వాళ్లే."

"నీళ్లు ఆపించండి!"

"ఇప్పుడు గేట్లు దించినా, కాల్వలోకి వచ్చేసిన నీళ్లు ఆగవు."

కోదాడ లాడ్జి, ఏడో నంబర్ గది. హరిలాల్ తలుపు తట్టాడు.

"ఊక తడిసిందా?"

"అగ్గిపుల్ల చూపిస్తే అంటుకుంటది."

కోడ్ సరిపోయింది. తలుపు తెరిచింది హారిక. ఢిల్లీ ఆఫీసు పంపిన శాటిలైట్ ఎక్స్‌పర్ట్. నల్ల చీర, ఎర్ర లిప్‌స్టిక్, గదంతా సెంటు వాసన.

"మూడేళ్ల ఇమేజెస్ జల్లెడ పట్టానండీ," అంది. "మబ్బు పట్టినవి తీసేశాను. తవ్వితే నేల మారాలి కదా? అందుకని మారిన చోట్లే ఉంచాను. నాలుగొందల పన్నెండు. ఆ లిస్టు పొద్దున్నే మీ ఆఫీసుకు పంపాను."

"అన్నీ మా టీములు తిరిగొచ్చినయ్ మేడం. చేపల చెరువులు, ఇటుక బట్టీలు, ప్లాట్లు. ఒక్క డ్రమ్ము లేదు."

మళ్లీ వెతికారు. మళ్లీ అవే చెరువులు, అవే బట్టీలు. గంట మూడయింది. 

అప్పుడే, కింద ఆగిన టిప్పర్ చూసి, తలుపు దబదబ బాదుకుంటూ రంగి లోపలికొచ్చింది. హరిలాల్ అక్క, నాట్ల ముఠాకు మేస్త్రి. చంకలో సద్ది గిన్నె.

"కాల్వ నీళ్లు ముట్టొద్దని ఫోన్ జేస్తివి. మరేం తాగాలెరా? తండల బోరెండి ఆర్నెల్లాయె. నా మనవరాలు దూపంటే గ్లాసుల నీ మాటలు పొయ్యాల్నా?"

 తుపాకులకు బెదరని మనిషి అక్క ముందు ఏడ్చేశాడు. "నాతోని అయితలేదక్కా. జాగ దొరుకుతలేదు."

రంగి కోపం దిగిపోయింది. "గీ బొమ్మలేంది? మన చేన్లేనా? ఏదీ, సూపియ్యి."

చేసేదేమీ లేక ఫిల్టర్లన్నీ తీసేసి, బొమ్మలను తేదీల వరుసన తిప్పాడు.

"టైం వేస్టండీ!" హారిక గొంతు ఒక్కసారిగా పెరిగింది.

"ఆగు, ఆగు!" రంగి వేలు తెరమీద ఆగింది. "చిలుకూరు కాడ కాల్వ పక్కన గీ మడి ఎవలది? నాట్లప్పుడు బురద లేదు, కోతలప్పుడు పసుపు లేదు. పోయిన యాసంగికి కాల్వ రాక ఆ పక్క పొలాలన్నీ ఎండె, ఇదొక్కటి పచ్చగనే ఉన్నది. వరన్నంక ఒక దినం పండదారా?"

పచ్చగనే ఉన్నది!

హరిలాల్ కుర్చీ ముందుకు లాక్కున్నాడు. సంపత్ దీవించలేదు, అడ్రస్ చెప్పాడు.

బొమ్మను ఇన్‌ఫ్రారెడ్‌లోకి మార్చాడు. అందులో బతికున్న పైరు ఎర్రగా కనబడాలి. ఆ మడి నల్లగా ఉంది. అది వరి కాదు, పచ్చ వల. మొదటి బొమ్మ తీసేనాటికే కప్పేశారు. అందుకే దానిలో మార్పు లేదు, అందుకే మారిన చోట్ల జాబితాలో అది లేదు. ఆ జాబితా చేసింది ఎవరు?

తలెత్తాడు. హారిక లిప్‌స్టిక్ మూత తీసి ఉంది. లోపల రంగు లేదు, పిస్టల్ గొట్టం ఉంది.

"తెలివైనవాళ్లే. కానీ నాలుగింటికి వాల్వ్ దానంతట అదే తెరుచుకుంటుందండీ. నన్ను చంపినా ఆగదు."

సద్ది గిన్నె ఎగిరొచ్చి ఆమె మణికట్టుకు తగిలింది. గుండు ఫ్యానుకు తాకింది. రంగి ఆమె మీదెక్కి కూర్చుంది. "దీన్ని నేను సూస్కుంట. నువ్వు ఉరుకు!"

మూడూ యాభై ఏడు. చిలుకూరు. వల చింపి చూస్తే డ్రమ్ముల వరసలు, మధ్యలో పెద్ద ట్యాంకు. దాని పైపు పిల్లకాల్వలోకి, పిల్లకాల్వ పెద్ద కాల్వలోకి. వాల్వ్‌కు ఇనప పెట్టె, తాళం. హరిలాల్ వాచీలోని లేజర్ బటన్ నొక్కాడు. చార్జింగ్ లేదు.

"నీ యవ్వ!"

నాలుగు. వాల్వ్ తెరుచుకుంది. ముక్కు పగిలే కంపుతో పసుప్పచ్చని విషం పిల్లకాల్వలో పరుగు తీసింది. పెద్ద కాల్వలో ఎర్రనీళ్లు అప్పుడే చప్పుడు చేస్తూ వస్తున్నాయి.

టిప్పర్ ఎక్కి రివర్స్ చేశాడు. తొట్టి మెల్లగా లేస్తోంది. విషం కాల్వకు ఇరవై అడుగులు. పది. "లే తల్లీ, లే! పిల్లలు తాగే నీళ్లే!" స్టీరింగ్ మీద గుద్దుతూ ఏడుస్తున్నాడు. ఐదడుగులు.

ఊక ఒక్కసారిగా జారింది. మిర్యాలగూడ మిల్లు ఊక, లోడంతా పిల్లకాల్వ మూతి మీద పడింది. హరిలాల్ దూకి రెండు చేతులా మన్ను తోసి తొక్కాడు. విషం ఊకను తడిపి, బుసకొట్టి, వెనక్కి తిరిగి మడిలోనే మడుగు కట్టింది. కాల్వ నీళ్లు ఏమీ ఎరగనట్టు తండా వైపు సాగిపోయాయి.

టీములు వచ్చేసరికి హరిలాల్ విషానికి చేతులు కాలి, గట్టు మీద కూర్చుని ఉన్నాడు. గోపాల్ ఫోన్ చేశాడు.

"సంపత్ ఫైల్లో చివరి మాటల కింద 'దీవించాడు' అని రాశానయ్యా. ఇప్పుడు కొట్టేయాలా?"

హరిలాల్ కాల్వ వైపు చూశాడు.

"ఉండనియ్యండి సార్. కింద అరవై ఊళ్ల పేర్లు రాయండి."