కిటికీ వైపు చూడని మొక్క

కొరియర్ ఆఫీసులో పనిచేసే అమ్మాయి కుండీ తెచ్చి నర్సరీ బల్ల మీద ఠపీమని పెట్టింది. కొన్నప్పుడు ఎర్రటి ఆకులతో గుబురుగా ఉన్న కోలియస్ మొక్క రెండు నెలల్లో పాలిపోయి, సన్నగా సాగి, ఒక పక్కకి ఒరిగిపోయింది. కిటికీ పక్కన పెడితే చాలని చెప్పి నర్సరీ అతను తనని మోసం చేశాడని ఆమె తేల్చేసింది.

అతను కాడని రెండు వేళ్ళతో పట్టి చూశాడు.

“ఇది పెరగడం కాదండీ, వెలుతురు కోసం వెతుక్కోవడం. చీకట్లో పెట్టారు.”

“కిటికీ పక్కనే పెట్టాను. అబద్ధాలకోరులా కనిపిస్తున్నానా?”

“మీరు బాగానే కనిపిస్తున్నారు. ఆ కిటికీనే నమ్మలేకపోతున్నాను.”

అయితే ఇంటికొచ్చి చూసుకోమంది, చురచురా చూస్తూ.

ఆదివారం నిజంగానే వచ్చాడు. ముక్కూ మొహం తెలియని మనిషిని చూసి అమ్మాయి వాళ్ళమ్మ తలుపు సగమే తీసింది. గదినిండా ఎండ. కుండీ విరిగిన అంచు ఎప్పుడూ గోడవైపే ఉంటుందని అమ్మాయి చెబితే, అతను కుండీని కిటికీ పక్కన అలాగే పెట్టాడు. మొక్క కిటికీ వైపు కాదు, వంటింటి వైపు ఒరిగి ఉంది.

“అమ్మగారూ, పగలు కూడా వంటింట్లో లైటు వేసుకుంటారా?”

ఆవిడ మొహం మాడిపోయింది. కూతురు ఆఫీసుకి వెళ్ళగానే కిటికీకి మందపాటి పరదా మూసి, వచ్చే వేళకి తీసేదట. మగదిక్కులేని ఇల్లని ఏ దొంగైనా కనిపెడతాడని, పెళ్ళికావలసిన పిల్ల గురించి ఎదురింట్లో ఏదో ఒకటి అనుకుంటారని భయం. ఇప్పుడీ అబ్బాయి రావడం కూడా చూసే ఉంటారని, ఇంకెప్పుడూ రావద్దని చేతులు జోడించింది.

కూతురు పరదాని పక్కకి లాగి ముడి వేసింది. దానిమీద ఇంకో ముడి.

“ఇక ఇది మూసేది లేదమ్మా. మొక్క ఇక్కడే ఉంటుంది. ఈయన ప్రతి ఆదివారం వస్తారు.”

తనకే తెలియని కబురు విని నర్సరీ అతను తెల్లబోయాడు.

“నలుగురూ చూస్తారే.”

“చూడనీ. దాక్కోవలసిన పని నేనేం చేశాను?”

“అంటే... ఈ అబ్బాయంటే నీకు...”

“ఇష్టం. నాకూ ఇప్పుడే తెలిసింది.”

“నాకు మొన్న బల్ల దగ్గరే తెలిసిందండీ,” అన్నాడతను, మొక్కనే చూస్తూ.

నాలుగు ఆదివారాలు గడిచాయి. కోలియస్‌కి ఎర్రటి చిగుళ్ళు వచ్చాయి. వాళ్ళమ్మ మాత్రం అతనితో ముక్తసరిగానే ఉంది. అయిదో ఆదివారం అతను రావడం ఆలస్యమైంది. ఏ బస్సు కింద పడ్డాడో, ఏ ఆస్పత్రిలో ఉన్నాడోనని ఆవిడ గంటసేపు కిటికీ వదలలేదు. ముడి వేసిన పరదా జోలికి మాత్రం పోలేదు.

సందు చివర అతను కనిపించగానే వీధి వీధంతా వినబడేలా కేకేసింది.

“ఏం నాయనా, ఇంత ఆలస్యమా? ఎండలో నడుస్తావేం, నీడన రా.”

ఎదురింటి కిటికీలోంచి రెండు తలలు బయటికి వచ్చాయి. ఆవిడ వాళ్ళని తిన్నగా చూసింది.

“మాకు కాబోయే అల్లుడు,” అంది.